మన ఉత్తరానికి మన తాళం

ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని మన భాషలో ఒక సామెత వుంది. ఈ మాటకు బలం కోసం పెద్దలు భారతకథను చూపిస్తారు. యుద్ధం ముగిసిన తర్వాత కర్ణుడు తన అన్న అని తల్లి నోట విన్న ధర్మరాజు, ఇకమీదట స్త్రీల మనసులో రహస్యం నిలవకుండుగాక అని శపించాడట. ఆ శాపానికి కారణమేమిటో మాత్రం ఎవరూ అడగరు. కుంతి రహస్యాన్ని దాచలేకపోయినందుకు శాపం రాలేదు. ఒక్క మనిషికి తోడుగా చెప్పుకోలేక, పెళ్లికి ముందునుంచీ కొడుకు చచ్చేదాకా దాచినందుకు వచ్చింది. దాచితే శాపం, దాచకపోతే ఎగతాళి. స్త్రీకి తనదంటూ ఒక మాట వుండటం, దాన్ని ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆమే నిర్ణయించుకోవడం పితృస్వామ్యానికి ఏనాడూ మింగుడుపడలేదు.

మహిళా సంఘాల్లో పనిచేసేవారందరికీ ఈ సామెత ఎంత అబద్ధమో తెలుసు. కన్నతల్లికి సైతం చెప్పని మాటను ఒక స్త్రీ మన ఎదుట కూర్చుని చెబుతుంది. మనం దాన్ని కాగితం మీద పెడతాం. న్యాయవాదికి, రక్షణాధికారికి, పట్నంలోని వసతిగృహానికి పంపుతాం. పనిస్థలాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం చెప్పిన దారినే చూడండి. గ్రామీణ ప్రాంతాల్లో మండల స్థాయి నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లోగా జిల్లాలోని స్థానిక కమిటీకి పంపాలి. అదే చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదులోని విషయాలు గానీ, ఫిర్యాదు చేసిన స్త్రీ వివరాలు గానీ బయటపెట్టరాదంటుంది. అత్యాచార బాధితురాలి పేరు వెల్లడిచెయ్యడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1కి ముందు ఇదే నియమం శిక్షాస్మృతి 228ఎ సెక్షన్‌లో వుండేది. రహస్యం కాపాడమని ఇన్ని చోట్ల చెప్పిన చట్టం, ఎలా కాపాడాలో మాత్రం మనకు నేర్పలేదు.

ఇప్పుడు ఈ కాగితాలన్నీ ఈ-మెయిల్ మీదనే నడుస్తున్నాయి. ఈ-మెయిల్ అంటే మూసిన కవరు అని మనలో చాలామంది నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. ఒక పోస్టాఫీసు నుంచి ఇంకో పోస్టాఫీసుకు వెళ్లే సంచికి సీలు వుంటుంది. సంచి లోపలున్నవి మాత్రం కార్డుముక్కలే. మామూలు మెయిల్ పరిస్థితీ ఇదే. దారిలో ఇవాళ చాలావరకు రక్షణ వుంది. అయితే అటువైపు, ఇటువైపు కంపెనీల కంప్యూటర్లలో అది చదవటానికి వీలైన రూపంలోనే వుంటుంది. కంపెనీ తలుచుకుంటే చదవగలదు, ప్రభుత్వం అడిగితే ఇవ్వగలదు. పాస్‌వర్డ్ దొరికినవాడు ఎవడైనా, భర్తయినా సరే, అన్నయినా సరే, కూర్చుని తీరిగ్గా చదువుకోగలడు.

ఇదంతా హైదరాబాద్‌లోని చదువుకున్నవారి సమస్య అనుకుంటే పొరపాటు. పాన్‌గల్ మండలాన్ని తీసుకుందాం. కొండమీది కోటతో ఈ ఊరు చాలామందికి తెలుసు. ఇవాళ వనపర్తి జిల్లాలో వున్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోది. పాలమూరు కూలీల శ్రమ లేకుండా దేశంలో ఆనకట్టలు లేవలేదన్నది అందరూ చెప్పే మాటే. గుంపుమేస్త్రీ వెంట దేశం మీదికి పోయిన భర్తకు ఇంటిదగ్గరి స్త్రీ ఉత్తరం రాయించిన తీరు గురించి మాత్రం తక్కువమంది మాట్లాడారు. బడికిపోయే పిల్లవాడో, పంతులుగారో రాయాలి. వచ్చిన జాబును వాళ్లే చదివి వినిపించాలి. అత్త పక్కనే వుంటుంది. చెప్పదలచుకున్నది ఒకటి, రాయించగలిగింది మరొకటి. అందరూ క్షేమమనే మాట వెనక ఎన్ని చెప్పుకోలేని దెబ్బలు, ఎంత ఆకలి దాగిపోయాయో ఏ పరిశోధనా లెక్కగట్టలేదు.

ఆ స్త్రీ కూతురు ఇవాళ డిగ్రీ చదివింది. స్వశక్తి సంఘంలో లెక్కలు రాస్తుంది, అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆమెకు మెయిల్ ఖాతా వుంది. అది ఎప్పుడు తెరిచారని అడిగి చూడండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో తెరిచి ఇచ్చారంటుంది. పాస్‌వర్డ్ ఆ నడిపేవాడి నోటుపుస్తకంలో వుంటుంది, లేదా తమ్ముడి ఫోన్‌లో వుంటుంది. తల్లికి అక్షరం రానందువల్ల ఉత్తరం మధ్య ఒక మనిషి నిలబడ్డాడు. కూతురికి అక్షరం వచ్చినా ఆ మనిషి తప్పుకోలేదు. కలం వదిలి పాస్‌వర్డ్ పట్టుకున్నాడు, అంతే తేడా.

ఈ మధ్య మనిషిని తప్పించే సాధనాన్నే ఎన్‌క్రిప్షన్ అంటున్నారు. పేరు విని భయపడనక్కర్లేదు. గుడిలో హుండీ మనందరికీ తెలుసు. అందులో ఎవరైనా కానుక వెయ్యవచ్చు, ఎవరి అనుమతీ అవసరం లేదు. వేసినవారు సైతం తిరిగి తీసుకోలేరు. తాళంచెవి ఎవరి దగ్గర వుందో వారే తెరవగలరు. ఈ-మెయిల్ ఎన్‌క్రిప్షన్‌లో ప్రతి మనిషికీ ఇలాంటి హుండీ ఒకటి తయారవుతుంది. హుండీని అందరికీ ఇచ్చెయ్యవచ్చు. దాన్ని బహిరంగ తాళంచెవి అంటారు. తెరిచే తాళంచెవి మాత్రం మన దగ్గరే, మన కంప్యూటర్‌లోనే వుంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. మన హుండీలో పడిన ఉత్తరం మధ్యలో ఎవరి చేతికి చిక్కినా వారికి అర్థంలేని అక్షరాల గుట్టగానే కనిపిస్తుంది. ఈ ఆలోచనను డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు 1976లో ప్రకటించారు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ దీన్ని మామూలు మనుషులు వాడుకునే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసి పంచిపెట్టాడు. దాని పేరు పీజీపీ. ఆయుధాలు ఎగుమతి చేసినట్టుగా భావించి అక్కడి ప్రభుత్వం అతని మీద విచారణ నడిపి, 1996లో వదిలేసింది. ఉత్తరానికి తాళం వెయ్యడం రాజ్యానికి ఎందుకంత భయమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి ముప్పై ఏళ్లు దాటినా ఇది మనదాకా ఎందుకు రాలేదు? కష్టమని, మనకు రాదని, ఇంజనీర్ల పని అని చెప్పారు కాబట్టి. ఇక్కడ ఒక పరిశోధనను గుర్తుచేసుకోవాలి. 1999లో ఆల్మా విట్టెన్ అనే పరిశోధకురాలు డగ్ టైగర్‌తో కలిసి ఒక పరీక్ష పెట్టింది. మెయిల్ వాడటం బాగా తెలిసిన 12 మందికి పీజీపీ ఇచ్చి, 90 నిమిషాలు సమయమిచ్చి, ఉత్తరానికి తాళం వేసి, సంతకం చేసి పంపమంది. మూడోవంతు మంది మాత్రమే చెయ్యగలిగారు. ముగ్గురైతే తాళం వెయ్యకుండానే రహస్యాన్ని పంపేశారు. జానీ ఎన్‌క్రిప్షన్ ఎందుకు చెయ్యలేకపోతున్నాడనే ప్రశ్ననే ఆ వ్యాసానికి పేరుగా పెట్టారు. గమనించండి, చెయ్యలేకపోయినవాడు జానీ, మన జానకమ్మ కాదు. లోపం నేర్చుకునేవారిది కాదని, సాధనాన్ని తయారుచేసిన తీరుదని ఆ పరిశోధన తేల్చింది. రాకపోతే తనకే బుర్ర లేదనుకుని సిగ్గుపడే అలవాటు మన సమాజం స్త్రీకి నేర్పిన అలవాటు. ఆ సిగ్గును ముందుగా వదిలించుకోవాలి.

మరో సంగతి. అమెరికా ప్రభుత్వం ప్రపంచమంతటి సమాచారంపై నిఘా పెట్టిందన్న నిజాన్ని 2013లో బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ మొదట రాసింది గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే పేరున్న పాత్రికేయుడికి. పీజీపీ పెట్టుకుంటే విషయం చెబుతానన్నాడు. ఎలా పెట్టుకోవాలో వీడియో చేసి పంపినా ఆయన ఆ పని చెయ్యలేదు. అప్పుడు స్నోడెన్ లారా పోయిట్రస్ అనే చిత్ర దర్శకురాలిని ఆశ్రయించాడు. ఆమెకు అప్పటికే ఆ పని వచ్చు. ఆమె తాళంచెవి నిజంగా ఆమెదేనని రూఢిచెయ్యడానికి మధ్యలో మైకా లీ అనే సాంకేతిక నిపుణుడు సాయపడ్డాడు. తెలిసిన స్త్రీ ఒకరు, సాయపడే మనిషి ఒకరు. ఈ ఇద్దరూ వుండబట్టే ఆ ఉత్తరం చేరింది.

ఈ సంపాదకీయంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే వుంది. ఈ విద్యను ఎవరూ ఒంటరిగా నేర్చుకుని వాడలేరు. నా దగ్గర ఎంత మంచి తాళం వున్నా, నేను రాయదలచుకున్న స్నేహితురాలికి హుండీ లేకపోతే నా ఉత్తరం మళ్లీ కార్డుముక్కే. ఒక్కరు నేర్చుకుంటే సున్నా, ఇద్దరు నేర్చుకుంటే ఒక దారి, పదిమంది నేర్చుకుంటే ఒక సంఘం. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఓపిగ్గా తోడునిలిచే గుంపు ఈ విద్యకు పునాది. అది లేకుండా మిగతాదేదీ నిలవదు.

ఇలా గుంపుగా నేర్చుకోవడం మనకు కొత్త కాదు. 1990, 91 సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలోని సీతమ్మ కథ వాళ్ల బతుకు కథే అయింది. ఆ చర్చ సారా దుకాణం మూయించేదాకా పోయింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. మన మహబూబ్‌నగర్ జిల్లాలోనూ 1993 నుంచి మహిళా సమత సంఘాల్లో స్త్రీలు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. అక్కడ పాఠం చెప్పినవారు పైన, విన్నవారు కింద కూర్చోలేదు. పాఠం వాళ్ల జీవితం గురించే వుంది. తప్పు చేస్తే నవ్వినవారు లేరు. ఆ పద్ధతే ఇక్కడా కావాలి.

పాన్‌గల్‌లో గానీ, మీ మండలంలో గానీ అలాంటి బృందం ఎలా నడవాలి? అయిదారుగురు చాలు. మండల సమాఖ్య ఆఫీసులోనో, బడిలో సాయంత్రంవేళో కలవవచ్చు. మొదటిరోజు కంప్యూటర్ తెరవనక్కర్లేదు. మన ఉత్తరాలు ఎవరెవరు చదవగలరు, ఎవరు చదివితే ఎవరికి ప్రమాదం అన్న రెండు ప్రశ్నలు మాట్లాడుకుంటే చాలు. రెండోరోజు ప్రతి ఒక్కరూ తమ మెయిల్ పాస్‌వర్డ్ తామే మార్చుకోవాలి. మూడోరోజు తాళంచెవులు చేసుకోవాలి. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో 2020 నుంచి ఈ సదుపాయం లోపలే వుంది, డబ్బు కట్టనక్కర్లేదు. నాలుగోరోజు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలి. గోంగూర పచ్చడి గురించో, బస్సు రాకపోవడం గురించో రాసుకుంటే మంచిది. చెయ్యి తిరిగేదాకా ఏ స్త్రీ కేసూ ఆ ఉత్తరాల్లోకి రాకూడదు.

నేర్పేవారికి ఒక్క నియమం. నేర్చుకునే మనిషి చేతిలోంచి మౌస్ లాక్కోవద్దు. ఆమె పది నిమిషాలు వెతికినా సరే, ఆమె వేలే నొక్కాలి. మనం చేసిపెడితే అది మళ్లీ మీసేవ నోటుపుస్తకమే అవుతుంది. అడిగిన ప్రశ్ననే పదోసారి అడిగితే మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పాలి. వీలైతే మొన్ననే నేర్చుకున్న స్త్రీ చేతనే కొత్తవారికి చెప్పించాలి, ఎక్కడ తడబడతారో ఆమెకే బాగా గుర్తుంటుంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ చదివే అమ్మాయిలను పిలిస్తే రారా? తెలుగులో కంప్యూటర్ కోసం పనిచేసిన స్వేచ్ఛ వంటి స్వతంత్ర సాఫ్ట్‌వేర్ సంస్థలను అడగవచ్చు. పాఠం తెలుగులో, మన మాటల్లో వుండాలన్నది మాత్రం మనమే పట్టుబట్టాలి.

తాళంచెవిని కాపాడే రహస్య వాక్యాన్ని ఎన్నుకోవడంలోనూ మన భాష అక్కరకొస్తుంది. ఒకదానికొకటి సంబంధంలేని అయిదారు మాటలు తీసుకోండి. మీ అమ్మమ్మ వాడిన, పుస్తకాల్లో దొరకని మాటలైతే మరీ మంచిది. సామెతలు, పాటల పల్లవులు, పిల్లల పేర్లు మాత్రం వద్దు. అవి ఎవరైనా ఊహించగలరు. ఆ వాక్యం మరిచిపోతే పాత ఉత్తరాలు మనకూ తెరుచుకోవు. తాళంచెవి నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో భద్రమైన చోట దాచాలి. తాళంచెవి పోతే రద్దుచేసే పత్రాన్ని ముందుగానే తయారుచేసి పెట్టుకోవాలి.

ప్రతి తాళంచెవికీ ఒక వేలిముద్ర వుంటుంది. మామూలుగా అది 40 అక్షరాలు, అంకెల వరస. వేలిముద్ర అన్న మాట వినగానే మన తల్లుల బొటనవేలికి అంటిన సిరా గుర్తుకొస్తుంది. ఏం రాసివుందో తెలియని కాగితాల మీద వేయించుకున్న ముద్రలవి. ఇది అందుకు పూర్తిగా భిన్నం. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూసుకుని, ఇది నీదేనని ఒప్పుకునే ముద్ర ఇది.

ఇలా సరిచూసుకోవడం ఎందుకంత ముఖ్యమో మన కళ్లముందే జరిగిన విషయం చెబుతుంది. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ పరిశీలించింది. 2016 జూన్‌లో వరవరరావు మెయిల్ ఖాతాను వాడుకున్న ఎవరో పంపిన ఉత్తరంలోని ఫైలు తెరవడంతో ఆ ల్యాప్‌టాప్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడిందని, ఆ తర్వాత పత్రాలు చొప్పించారని 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన దాని నివేదిక చెప్పింది. దర్యాప్తు సంస్థ దీన్ని అంగీకరించలేదు. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. మనకు పాఠం మాత్రం స్పష్టం. తెలిసిన మనిషి పేరుతో వచ్చినంత మాత్రాన ఉత్తరం ఆ మనిషి రాసిందని అనుకోకూడదు. ఎన్‌క్రిప్షన్‌తోపాటు వచ్చే డిజిటల్ సంతకం ఈ అనుమానాన్ని చాలావరకు తీరుస్తుంది.

ఇది సర్వరోగనివారిణి అని మేము చెప్పడం లేదు. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది దీనివల్ల దాగదు. చాలా సందర్భాల్లో విషయం అని రాసే పై గీత కూడా దాగదు. కాబట్టి అక్కడ ఎవరి పేరూ రాయకూడదు. కంప్యూటర్‌లోకే దొంగ దూరితే తాళం పనికిరాదు. ఫోన్ భర్త చేతిలో వుండే ఇంట్లో, తెరుచుకోని ఉత్తరం కనబడటమే దెబ్బలకు కారణం కావచ్చు. అలాంటి స్త్రీకి మెయిల్ కన్నా 181కి ఒక ఫోన్, సఖి కేంద్రానికి ఒక నడక మేలు. ఏది క్షేమమో ఆమే చెప్పాలి, మనం నిర్ణయించకూడదు.

దాచడానికి ఏముంది, తప్పు చేయనివారికి భయమెందుకు అనే ప్రశ్న ఇంట్లోనూ వినిపిస్తుంది, ప్రభుత్వం నోటా వినిపిస్తుంది. భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చెయ్యడం ఆమె ఏకాంత హక్కుకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. 2008 నాటి తీర్పుల సంపుటాల్లో అది వుంది. 2025 జులైలో సుప్రీంకోర్టు మరో కేసులో, భార్యాభర్తల వివాదాల్లో అలాంటి రికార్డింగులను సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పునిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన దేశంలోనే, ఆ హక్కు వంటింటి గడప దగ్గర ఎంత పలచబడిపోతుందో చూడండి.

ఇక రాజ్యం సంగతి. పౌరులు తాళం వేసిన సందేశాల అసలు ప్రతిని 90 రోజులు దాచివుంచాలన్న ముసాయిదాను కేంద్రం 2015 సెప్టెంబరులో విడుదలచేసి, వ్యతిరేకత రాగానే వెనక్కి తీసుకుంది. 2021 నాటి ఐటి నియమాలు, పెద్ద మెసేజింగ్ కంపెనీలు సందేశం మొదట ఎవరు పంపారో చెప్పగలిగి వుండాలన్నాయి. అందుకు చూపిన కారణాల్లో అత్యాచారం, అశ్లీల చిత్రాలు, పిల్లలపై లైంగిక దాడి వున్నాయి. మన పేరు చెప్పి మన తాళం తీయమంటున్నారు. మన ఫోటోలను మార్చి బజారున పెట్టేవారిని పట్టుకోవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే స్టేషన్‌కు వెళ్లిన స్త్రీ ఫిర్యాదునే రాసుకోకుండా తిప్పిపంపే వ్యవస్థ, ఆమె ఉత్తరాలన్నీ చదివితేనే రక్షించగలనంటే ఎలా నమ్మడం? 2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే నిందితులుగా నిలబడ్డారన్నది మరిచిపోగలమా?

చట్టం గురించి స్పష్టత కోసం ఒక మాట. ఉత్తరానికి తాళం వెయ్యడం మన దేశంలో నేరం కాదు. అయితే ఐటి చట్టం 69వ సెక్షన్ కింద అధికారం వున్నవారు చట్టప్రకారం తెరవమని ఆదేశిస్తే సహకరించవలసి వుంటుంది. నిరాకరిస్తే ఏడేళ్లదాకా శిక్ష పడవచ్చు. ఇది తెలిసే నేర్చుకోవాలి, తెలిసే వాడాలి.

మన దగ్గరికి వచ్చి నోరు విప్పిన స్త్రీ మనమీద ఒక నమ్మకం పెట్టి వెళుతుంది. ఆ నమ్మకానికి మనం చెల్లించవలసిన బాకీ ఇది. వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘంలో కనీసం ఇద్దరు తాళంచెవులు చేసుకుని, ఒకరి వేలిముద్ర ఒకరు సరిచూసుకుని, మరో ఇద్దరికి నేర్పాలని కోరుతున్నాం. ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట అర్థం కాలేదో మాకు రాయండి. అవే ప్రశ్నలు పక్క ఊరి స్త్రీలకు పాఠాలవుతాయి.

నువ్వుగింజ మన నోట్లో నానుతుంది. ఎప్పుడు, ఎవరి ముందు నోరు తెరవాలో మనకు తెలుసు.